501 రూపాయల ఫోన్ ఎందుకు చచ్చిపోయింది, నోకియా 1100 ఎందుకు బతికింది

పోస్టు పెద్దగనే ఉంటది. నీళ్లు పారుతుంటే గట్టు మీద కూర్చుని తీరిగ్గా చదవండి.

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "పది వేల లోపల మంచి ఫోన్ ఏది?" మోడల్ పేరు చెప్పమంటారు. నేను ఇయ్యాల పేరు చెబితే ఆర్నెల్లకు ఆ మోడల్ షాపులో దొరకదు. మీరు అది పట్టుకుని పోతే షాపాయన నవ్వి, తనకు కమిషన్ ఎక్కువొచ్చేది చేతిలో పెడతాడు. అందుకే పేరు చెప్పకుండా కథ చెప్తున్నా. మన చౌక ఫోన్ల చరిత్ర తెలిస్తే ఏది కొనాలో మీకే తెలుస్తది.

ఇదేదో షోకు ముచ్చట కాదు. 2025 పత్తి సీజన్ గుర్తు తెచ్చుకోండి. సీసీఐ వాళ్లు కపాస్ కిసాన్ అని యాప్ తెచ్చారు. అందులో పేరు నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేస్తేనే మద్దతు ధరకు కొంటామన్నారు. ధర క్వింటాలుకు 8,110. ఫోన్ లేనోళ్లు, ఉన్నా అందులో యాప్ దిగనోళ్లు పక్కింటి పిల్లల చుట్టూ తిరిగారు. ఓపిక పట్టలేక దళారికి అమ్ముకున్నవాళ్లు ఎంత నష్టపోయారో మనకు తెలుసు. పీఎం కిసాన్‌లో 2023 నుంచి ముఖం చూపించి ఈ-కేవైసీ చేసుకునే యాప్ వచ్చింది. మంచిదే, మీసేవకు తిరిగే బాధ తప్పింది. కానీ అది నడవాలంటే నడిచే ఫోన్ కావాలె. అంటే ఫోన్ ఇప్పుడు నాగలి, స్టార్టరు లెక్క పనిముట్టు. పనిముట్టు కొనేటప్పుడు మనం రంగు చూడం, ఎన్నేళ్లు వస్తదో చూస్తాం. ఫోన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం కెమెరాలు ఎన్నున్నాయో లెక్కపెడతాం.

ఇక కథలోకి పోదాం.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న జరిగింది. బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. నిమిషానికి 16 రూపాయల దాకా ఛార్జి ఉన్న రోజులవి. వచ్చే కాల్‌కు కూడా పైసలే. మన రాష్ట్రంలో టాటా సెల్యులార్, జేటీ మొబైల్ అని రెండు కంపెనీలు ఉండేవి. అవి హైదరాబాద్ షావుకార్ల కోసం. మనకు ఊళ్లో పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ ఉంటే అదే గొప్ప.

ఆ రోజుల్లో మనం సరుకు ఎట్ల అమ్మేవాళ్లమో చిన్నోళ్లకు తెలియదు. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల దిక్కు వాళ్లం సాగర్ రోడ్డు పట్టుకుని చంపాపేట, ఐ.ఎస్. సదన్, సైదాబాద్ మీదుగా పట్నంలోకి పోయేవాళ్లం. చౌటుప్పల్ దిక్కు వాళ్లు విజయవాడ రోడ్డు మీద ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వచ్చేవాళ్లు. పండ్లయితే గడ్డిఅన్నారం, ఉల్లిగడ్డ, మిరపకాయ అయితే మలక్‌పేట మహబూబ్ మాన్షన్ గంజి. ఆ రోజు రేటు ఎంతో బస్తా దించినాకనే తెలిసేది. నచ్చకపోతే తిరిగి మోసుకుపోయే పరిస్థితి లేదు. కాంటా అయినాక చేతికొచ్చిన పైసలతో దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టలు, సామాన్లు కొనుక్కుని బస్సెక్కేవాళ్లం. మన దిక్కు చాలామంది మొదటి సెల్‌ఫోన్ కొన్నది కూడా ఆ రోడ్ల మీదనే, ఆ కాంటా పైసలతోనే. ఇప్పుడు గడ్డిఅన్నారం మార్కెట్ అక్కడ లేదు. 2021లో బాటసింగారం తరలించారు. సెల్ షాపులు మాత్రం అక్కడనే ఉన్నాయి, ఇంకా పెరిగాయి.

అసలు మలుపు 2003. ఆ ఏడు మే నుంచి వచ్చే కాల్స్‌కు పైసలు పోయినయి. అదే ఏడాది రెండు ఫోన్లు వచ్చినయి. ఈ రెండింటి కథ సరిగ్గా అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

ఒకటి రిలయన్స్ ఫోన్. 2003 జులైలో "మాన్‌సూన్ హంగామా" అని స్కీం పెట్టారు. 501 రూపాయలు కట్టు, ఫోన్ పట్టుకుపో. మిగతాది నెలనెలా బిల్లులో కలిపి కట్టుకోవచ్చు. అప్పటికి సెల్‌ఫోన్ అంటే వేలల్లో మాట. 501కి ఫోన్ అనేసరికి జనం ఎగబడ్డారు. పది రోజుల్లో పది లక్షల మంది చేరారని చెప్పుకున్నారు. ఇస్త్రీ చేసేవాళ్లు, కూరగాయల బండివాళ్లు, ఆటోవాళ్లు మొదటిసారి చెవి దగ్గర ఫోన్ పెట్టింది అప్పుడే. ఆ మేలు కాదనలేం.

కానీ ఆ ఫోన్‌లో ఒక మెలిక ఉండె. దాంట్లో సిమ్ లేదు. నంబరు ఫోన్‌లోనే రాసి ఉండేది. సీడీఎంఏ అనే పద్ధతి అది. అంటే ఫోన్ మీదే గాని, అది బతకాలంటే ఆ ఒక్క కంపెనీ బతకాలె. రిలయన్స్ వద్దు, వేరే సిమ్ వేసుకుంటా అంటే కుదరదు. బిల్లులు కట్టలేక చాలామంది మధ్యలో వదిలేశారు, కంపెనీకి బాకీలు మునిగినయి. ఆ తర్వాత 2016 కల్లా ఆ సీడీఎంఏను ఆపేసి ఉన్నవాళ్లను 4జీకి మార్చుకున్నారు. 2017 డిసెంబర్ 1 నుంచి ఆ కంపెనీ కాల్స్ సేవనే మూసేసింది. మీ ఇంట్ల సందూకలో ఆ ఫోన్ ఇంకా ఉంటే చూడండి. గాజు పగలలేదు, బటన్లు అరగలేదు. అయినా అది ఒట్టి ప్లాస్టిక్ ముక్క.

రెండోది నోకియా 1100. అది కూడా 2003లోనే వచ్చింది. మన దేశాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన ఫోన్ అని ప్రకటనలు ఇచ్చేవాళ్లు, అందులో అబద్ధం లేదు. దుమ్ము లోపలికి పోకుండా బటన్ల మీద ఒకటే రబ్బరు తొడుగు. జారకుండా పక్కలకు గరుకు. పైన చిన్న టార్చి. మనకు త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట వచ్చే కాలం అది. అర్ధరాత్రి లేచి మోటరు దగ్గరికి పోవాలె, గట్టు మీద పాము ఉందో కట్టె ఉందో తెల్వదు. ఆ టార్చి విలువ పట్నపోళ్లకు తెలవదు. ప్రపంచం మొత్తం మీద ఆ మోడల్ 25 కోట్ల పైన అమ్ముడుపోయింది.

అది 501కి రాలేదు, పైసలు ఎక్కువే పెట్టాలె. కానీ దాంట్లో ఏ కంపెనీ సిమ్ అయినా పడుతుండె. లోపలి బ్యాటరీ బీఎల్-5సీ. అదే బ్యాటరీ నోకియావే ఇంకా ఎన్నో మోడళ్లకు పట్టేది. తర్వాత చైనా రేడియోలకు, పాటల డబ్బాలకు, టార్చిలకు కూడా అదే సైజు పెట్టుకున్నారు. 2007 ఆగస్టులో గుర్తుందా? ఆ బ్యాటరీ పేలుతున్నదని ఊరూరా గగ్గోలు లేచింది. మత్సుషిటా అనే జపాన్ కంపెనీ చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు వేడెక్కవచ్చని నోకియానే చెప్పి, మార్చి ఇస్తామన్నది. జనం డొక్కు ఊడదీసి బ్యాటరీ మీద అంకెలు చదువుకున్నారు. నేను చూసేది ఇంకో దిక్కు. ఆ గోలంతా గోటితో తీసి, గోటితో పెట్టుకుంటే తీరిపోయింది. ఇప్పటి ఫోన్‌లో బ్యాటరీ చూడాలంటే వెనక అద్దాన్ని వేడిచేసి, జిగురు కరిగించి తీయాలె.

ఇప్పటికీ నోకియా 1100లో మంచి బ్యాటరీ పెట్టి ఎయిర్‌టెల్‌దో బీఎస్‌ఎన్‌ఎల్‌దో సిమ్ వేస్తే కాల్ పోతుంది, ఎందుకంటే 2జీ ఇంకా నడుస్తున్నది. జియోకు 2జీ లేదు గనుక ఆ సిమ్ పనిచేయదు. ఒకే ఏడు పుట్టిన రెండు ఫోన్లు. ఒకటి చచ్చింది, ఒకటి ఇరవై ఏళ్లు దాటినా పలుకుతున్నది. చచ్చింది విరిగిపోయి కాదు. దాన్ని పోషించేవాడు వదిలేశాడు, అంతే. కట్టుగొయ్య మీద మేత వేసేవాడు లేకపోతే ఎంత బలమైన ఎద్దయినా ఎన్ని రోజులుంటది?

ఈ సూత్రం పట్టుకుని మిగతా కథ చూడండి.

2008, 2009 ప్రాంతంలో రెండు సిమ్‌ల చైనా ఫోన్లు దిగినయి. పెద్ద స్పీకర్, ఎఫ్‌ఎం, రెండు మూడు వేలకే. అబిడ్స్ జగదీష్ మార్కెట్ నుంచి ఊరి సంత దాకా అవే. వాటిలో చాలావాటికి ఐఎంఈఐ నంబరు లేదు. ఐఎంఈఐ అంటే మన బండికి ఛాసిస్ నంబరు లెక్క. ముంబై దాడుల తర్వాత ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది. 2009 నవంబర్ 30 అర్ధరాత్రి నుంచి ఆ నంబరు లేని ఫోన్లకు నెట్‌వర్క్ బంద్. అంతకుముందు 199 రూపాయలు కడితే నంబరు ఎక్కించే ఏర్పాటు కూడా చేశారు. ఎక్కించుకున్నోళ్లు బతికించుకున్నారు, మిగతావాళ్ల ఫోన్లు పాటల డబ్బాలైనయి. ఇక్కడ కూడా ఫోన్ చెడిపోలేదు, చట్టం ముందు దానికి పుట్టిన పత్రం లేదు.

తర్వాత మన హైదరాబాద్ వంతు. 2011 అక్టోబర్‌లో ఢిల్లీలో "ఆకాశ్" ట్యాబ్లెట్ విడుదల చేశారు. ప్రపంచంలోనే అన్నింటికంటే చౌక అని పేపర్ల నిండా రాసినయి. ప్రభుత్వం పిల్లల కోసం 2,300 లోపు ధరకు కొన్నది. దాన్ని బిగించింది హైదరాబాద్‌లోనే. తీరా చేతికొచ్చినాక తెర గట్టిగా ఒత్తితే గాని కదలదు. ర్యామ్ 256 ఎంబీ, ప్రాసెసర్ 366 మెగాహెర్ట్జ్. చార్జింగ్ నిలవదు. ఉద్దేశం గొప్పది, వస్తువు పుట్టుకతోనే ముసలిది. సెల్కాన్ అని హైదరాబాద్ కంపెనీ 2009లో మొదలై, 2015లో మేడ్చల్‌లో సొంతంగా ఫోన్లు బిగించే ప్లాంటు పెట్టింది. మన దగ్గర పుట్టిన పేరు కదా అని నాకు అభిమానం ఉండేది. 4జీ వచ్చి, చైనా కంపెనీలు ధరలతో కమ్ముకున్నాక షాపుల్లో ఆ పేరు కనబడుడు తగ్గింది. అదే 2015 ఆగస్టులో షావోమీ వాళ్లు మన తెలుగు నేల మీదనే, శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ దగ్గర రెడ్‌మీ 2 ప్రైమ్ చేయించడం మొదలుపెట్టారు. 6,999 ధర. ఫోన్ ఎక్కడ తయారైందన్నది మనకు గర్వం ఇస్తది, పని ఇస్తది. ఎన్నేళ్లు వస్తదన్నది మాత్రం దాంతో తేలదు.

ఈ మధ్యలో పెద్దగా ఎవరూ పట్టించుకోనిది ఒకటి జరిగింది. 2014 సెప్టెంబర్‌లో గూగుల్ వాళ్లు "ఆండ్రాయిడ్ వన్" అని మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలతో మూడు ఫోన్లు మొదట మన దేశంలోనే తెచ్చారు. అన్నీ 6,500 లోపే. వాటి గొప్పతనం కెమెరాలో లేదు. రెండేళ్ల పాటు కొత్త సాఫ్ట్‌వేర్ మేమే పంపుతామని మాట ఇచ్చారు. నాకు తెలిసి చౌక ఫోన్‌కు "ఇన్నేళ్లు మేత వేస్తాం" అని గట్టిగా చెప్పింది అప్పుడే. ఆన్‌లైన్‌లోనే ఎక్కువ అమ్మడంతో షాపులవాళ్లు పట్టించుకోలేదు, మనకు ఎవరూ చెప్పలేదు, పెద్దగా అమ్ముడుపోలేదు. మంచి వంగడం ప్రచారం లేక గోదాములో మురిగినట్టు అయింది.

ఇక 2016 ఫిబ్రవరి. ఫ్రీడమ్ 251. నోయిడా కంపెనీ ఒకటి 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అన్నది. వెబ్‌సైటు కూలిపోయింది. ఏడు కోట్ల మంది పేర్లు రాయించుకున్నారని కంపెనీ చెప్పుకుంది. పేపరోళ్లకు చూపించిన ఫోన్ మీద ఏదో తెల్లగా పూసి ఉంటే గీకి చూశారు. కింద ఆడ్‌కామ్ అని వేరే కంపెనీ పేరు బయటపడింది. రాసే తప్పులు దిద్దుకునే వైట్‌నర్ పూసి కొత్త ఫోన్ అన్నారన్నమాట. నకిలీ విత్తనం సంచి మీద కొత్త లేబుల్ అతికించినట్టే. మనకు ఆ విద్య కొత్త కాదు గనుక మనోళ్లు నవ్వుకున్నారు. చదువుకున్నోళ్లే ఎక్కువ నమ్మారు.

2017లో జియోఫోన్ వచ్చింది. 1,500 డిపాజిట్, మూడేళ్లకు వాపసు అన్నారు. ఏడాదికి ఇంత రీఛార్జి చేయాలనే షరతు తర్వాత బయటికొచ్చింది. అయినా నా లెక్కలో మన ఊళ్లకు వచ్చిన చౌక ఫోన్లలో గిట్టుబాటు అయింది ఇదే. బటన్ల ఫోనే గాని 4జీ. 2018లో వాట్సాప్ కూడా వచ్చింది. మా దిక్కు ముసలోళ్లు దుబాయ్‌లో ఉన్న కొడుకుల ఫోటోలు దాంట్లోనే చూసుకున్నారు. 2024 జూన్ నుంచి ఆ రకం ఫోన్లలో కొత్తగా వాట్సాప్ దిగకుండా ఆపారు, 2025 మొదట్లో ఉన్నవాళ్లకూ ఆగిపోయింది. 1,500కు ఆరేడేళ్లు వచ్చింది. ఇంకేం కావాలె? కానీ ఆగినప్పుడు ఎట్ల ఆగింది చూడండి. బటన్లు బాగున్నయి, తెర బాగుంది, కాల్ పోతుంది. వాట్సాప్ వాళ్లు వదిలేశారు. మళ్లీ అదే కథ.

2021 దీపావళికి జియోఫోన్ నెక్స్ట్ అని టచ్ ఫోన్ తెచ్చారు. ధర 6,499. లేదంటే 1,999 కట్టి, 501 ప్రాసెసింగ్ ఫీజు ఇచ్చి, నెలకు 300 చొప్పున 24 నెలలు. 501 అన్న అంకె చూసి నాకు 2003 గుర్తొచ్చింది. లెక్క కట్టండి. 24 నెలలకు 7,200, ముందు కట్టినవి 2,500, మొత్తం 9,700. అందులో నెలకు ఇంత డేటా, మాట్లాడే నిమిషాలు కలిసి ఉన్నయి, ఆ మాట కూడా చెప్పాలె. కానీ 4జీ ఫోన్ అది. ఏడాది తిరగకముందే, 2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. ఎయిర్‌టెల్ మొదట ఇచ్చిన ఎనిమిది పట్నాల్లో హైదరాబాద్ కూడా ఉంది. కిస్తీ తీరేలోపే వస్తువు పాతదైతే ఆ కిస్తీ మీద ఏడుపొస్తది. ట్రాక్టర్ తీసుకున్నోళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇది రాసే ముందు సైదాబాద్‌లో మా బంధువుల ఇంటికి పోయినప్పుడు అక్కడ సందులో రిపేరు చేసే తమ్ముడితో గంటసేపు కూర్చున్నా. అతని టేబుల్ కింద అట్టపెట్టె నిండా ఫోన్లు. "ఇవన్నీ చెడిపోయినయా?" అంటే నవ్విండు. "అన్నా, వీటిలో సగం ఆన్ అవుతయి. వాట్సాప్ ఎక్కదు, బ్యాంకు యాప్ ఒప్పుకోదు. వాళ్లకు కొత్తది కొనుక్కోక తప్పలేదు, పాతది నాకు పారేసి పోయిండ్రు." తెర పగిలితే వేస్తా, చార్జింగ్ పిన్ను పోతే వేస్తా, కంపెనీ వదిలేసిందాన్ని నేనేం చేస్తా అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఇప్పుడు ఆండ్రాయిడ్ 5 కంటే పాతదాంట్లో వాట్సాప్ నడవదు. బ్యాంకు యాప్‌లు ఇంకా గట్టిగా ఉంటయి, ఉండాలె కూడా. మన పంట పైసలు అందులోనే కదా.

ఇక్కడ అసలు ముచ్చటకు వస్తున్నా.

ఎద్దును కొనేటప్పుడు మనమేం చేస్తాం? నోరు తెరిచి పళ్లు చూస్తాం. కొమ్ములకు రంగులేసినా, మెడలో గంటలు కట్టినా, పళ్లు వయసు చెప్తయి. ఫోన్‌కు పళ్లు ఉండవు. దానికి విడుదలైన తేదీ ఉంటది. కంపెనీ "నాలుగేళ్లు అప్‌డేట్ ఇస్తాం" అంటే మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. పండుగ ఆఫర్ల మీద "13 వేలది 8 వేలకే" అని గుట్టలు పోసి అమ్మేవి చాలావరకు రెండేళ్ల కింద విడుదలైనవి. సీల్ తీయని డబ్బా, కొత్త వాసన, లోపల నిండా పళ్లు కుదిరిన ముసలెద్దు. మీరు కొన్నాక రెండేళ్లే మిగులుతయి. షాపాయన ఈ సంగతి చెప్పడు. అతనికి తెలిసినా చెప్పడు.

అందుకని షాపులో మొదటి ప్రశ్న ర్యామ్ ఎంత అని కాదు. "ఈ మోడల్ ఎప్పుడు విడుదలైంది? సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు?" అని అడగండి. చెప్పకపోతే అక్కడనే మీ పిల్లలతో గూగుల్‌లో మోడల్ పేరు కొట్టించండి, కంపెనీ సొంత సైటులో చూపించమనండి. మీ చేతిలో ఇప్పుడున్న ఫోన్ సంగతి కావాలంటే సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" లోపలికి పోతే ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటది. ఆ తేదీ ఏడాది దాటి పాతదైతే కంపెనీ మీ ఫోన్‌ను దాదాపు వదిలేసినట్టే అనుకోండి.

ఈ విషయంలో కాలం మనకు కొంచెం అనుకూలంగా మారింది. 2014లో రెండేళ్లు అంటే గొప్ప. 2023లో గూగుల్, 2024 మొదట్లో సామ్‌సంగ్ తమ ఖరీదైన ఫోన్లకు ఏడేళ్లు అన్నారు. అవి మనం కొనేవి కావు, వదిలేయండి. కానీ 2025 ఫిబ్రవరిలో సామ్‌సంగ్ ఎఫ్06, ఎం06 అనే 5జీ ఫోన్లు పది వేల అటూఇటూ ధరకు తెచ్చి నాలుగేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నది. వాటినే కొనమని నేను చెప్పట్లేదు, నాకు ఏ కంపెనీ పైసా ఇయ్యలే. పది వేల దగ్గర నాలుగేళ్ల మాట దొరుకుతుందని తెలిసినాక, రెండేళ్లే ఇచ్చే కంపెనీకి, అసలు ఏమీ చెప్పని కంపెనీకి మన పైసలు ఎందుకియ్యాలె అంటున్నా.

లెక్క చూడండి. 7,000 ఫోన్ రెండేళ్లు వచ్చిందనుకోండి, ఏడాదికి 3,500 పడ్డది. 10,500 ఫోన్ నాలుగేళ్లు వచ్చింది, మధ్యలో 1,200 పెట్టి బ్యాటరీ మార్చినా మొత్తం 11,700, ఏడాదికి 2,925. నాలుగేళ్లకు 2,300 మిగులుతుంది, ఫోన్ మార్చినప్పుడల్లా నంబర్లు, ఫోటోలు, ఓటీపీలు అటుఇటు మార్చుకునే తిప్పలు వేరు. చేతిలో 7,000 మాత్రమే ఉంటే? కిస్తీకి పోకండి అని నేను చెప్పలేను, పంట చేతికి రాకముందు అవసరం పడుతుంది. కానీ మొత్తం ఎంత కడుతున్నామో కాగితం మీద రాసుకుని, ఆ ఫోన్‌కు కిస్తీ తీరినాక ఇంకా రెండేళ్ల ఆయుష్షు ఉందా అన్నది చూసుకోండి.

5జీ కావాలా అని అడుగుతున్నారు. మా దగ్గర పొలంలో 5జీ టవర్ సరిగ్గా అందదు, నిజమే. కానీ పోయిన నెట్‌వర్కుల వరుస చూడండి. సీడీఎంఏ పోయింది. 3జీని ఎయిర్‌టెల్ 2020 ప్రాంతంలోనే మూసుకుంది. మధ్యలో వచ్చినవి ముందు పోతున్నయి. 4జీ ఇప్పట్లో పోతుందని నేను అనుకోను. తేడా వెయ్యి, పదిహేను వందలైతే 5జీనే తీసుకోవడం మేలు, అంతకంటే ఎక్కువైతే ఆ పైసలు స్టోరేజీ మీద పెట్టండి. మన ఫోన్లు ఆగేది ఎక్కువగా నిండిపోయి. పొద్దున్నే పూల బొమ్మల గుడ్ మార్నింగులు, భజన వీడియోలు, పత్తి రేటు వాయిస్ మెసేజీలు. 64 జీబీది ఏడాదిన్నరకు నిండుతుంది. 128 ఉంటే నాలుగేళ్లు లాగవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కొంటారా, మన మండలంలో కొంటారా అన్నది కూడా చూసుకోవాలె. పట్నంలో రెండు మూడొందలు తగ్గుతది. కానీ ఆ కంపెనీ సర్వీసు సెంటర్ మీకు అందేంత దూరంలో ఉందా? మోటరు కొనేటప్పుడు రీవైండింగ్ చేసేవాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలుసుకునే కొంటాం కదా. మా దిక్కు ఒకాయన ఎవరూ వినని పేరున్న ఫోన్ చౌకగా వస్తుందని తెచ్చుకున్నాడు. తెర పగిలితే సైదాబాద్, కోఠి, జగదీష్ మార్కెట్ అన్నీ తిరిగినా ఆ తెర దొరకలేదు. ఎక్కువమంది వాడే మోడల్ అయితే మండలం బస్టాండు పక్క షాపులో కూడా తెర, బ్యాటరీ దొరుకుతయి. పది మంది సాగుచేసే వంగడానికే ఊళ్లో మందు దొరుకుతది.

పాత ఫోన్ కొనేవాళ్లకు ఒక మాట. 2009లో ఐఎంఈఐ లేక ఫోన్లు పోయినయని పైన చెప్పిన కదా, ఇప్పుడు అదే నంబరు మనకు కాపలా. డయల్‌లో *#06# కొడితే ఆ నంబరు కనబడుతుంది. మెసేజ్‌లో ఇంగ్లీషులో కేవైఎం అని మూడు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు పంపండి. ఆ ఫోన్ ఏ కంపెనీది, ఏ మోడల్, బ్లాక్ అయిందా అన్నది చెప్తది. డబ్బా మీద ఒకటి, లోపల ఒకటి ఉంటే దండం పెట్టి వచ్చేయండి. దొంగ ఫోన్ పట్టుకుని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే టైం మనకు లేదు. 2023 మే నుంచి సంచార్ సాథీ అని ప్రభుత్వ పోర్టల్ ఉంది, మన ఫోన్ పోతే కూడా అందులోనే బ్లాక్ చేయించుకోవచ్చు. అందుకే కొన్న రోజే బిల్లు, ఆ నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసి పాస్‌బుక్కుల పక్కన పెట్టుకోండి.

ఇంకో సంగతి మీలో చాలామందికి తెలిసి ఉండదు. 2022లో కేంద్రం "రిపేరు హక్కు" అని ఒక పని మొదలుపెట్టి, ఆ ఏడు డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. అందులో పెట్టిన నాలుగు రకాల వస్తువుల్లో సెల్‌ఫోన్లు ఒకటి, వ్యవసాయ పనిముట్లు ఒకటి. అంటే మన ట్రాక్టరూ మన ఫోనూ ఒకే గాటికి కట్టారు. 2025 మేలో ఒక కమిటీ రిపోర్టు ఇచ్చింది. ఏ ఫోన్ ఎంత సులభంగా రిపేరు అవుతుందో మార్కులు వేసి, అమ్మే దగ్గరే కనబడేలా పెట్టాలని. యూరప్‌లో ఇంకా ముందుకు పోయారు. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆగినాక కూడా ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఇవ్వాలె, ఏడేళ్లు విడిభాగాలు దొరకాలె. గమనించండి, వాళ్ల లెక్క విడుదల తేదీ నుంచి కాదు, అమ్మకం ఆపిన రోజు నుంచి. ఆఖరి రోజు కొన్నవాడికి కూడా ఐదేళ్లు. మనకు కావాల్సింది సరిగ్గా అదే. విత్తనం సంచి మీద గడువు తేదీ రాయకపోతే మనం ఊరుకోం కదా, ఫోన్ డబ్బా మీద "ఫలానా నెల, ఫలానా ఏడు దాకా అప్‌డేట్లు" అని ఎందుకు రాయరు? ఎఫ్‌పీవో మీటింగుల్లో, రైతు సంఘాల మీటింగుల్లో యాప్‌ల గురించి వినతిపత్రాలు ఇస్తున్నారు కదా, అందులో ఈ ఒక్క లైను కలపండి. యాప్ తప్పనిసరి చేసే సర్కారు, ఆ యాప్ నడిచే ఫోన్ ఎన్నాళ్లుంటదో కూడా కంపెనీతో చెప్పించాలె.

కొనాలనుకుంటున్నవాళ్లు మోడల్ పేరు కామెంట్లో పెట్టండి. ఎప్పుడు విడుదలైందో, ఇంకా ఎన్నేళ్లు మిగిలినయో వెతికి రాస్తా. రేపు మిరప తోటకు మందు కొట్టేది ఉంది, రాత్రి ఎనిమిది తర్వాతే జవాబిస్తా. ఇంట్ల 2003 నాటి 501 ఫోన్ ఇంకా దాచుకున్నోళ్లు ఎవరైనా ఉంటే దాని ఫోటో పెట్టండి, పిల్లలు చూస్తారు.